తిరుపతి ఇంట్లో గ్రానైట్ మెట్లకు కార్పెట్ రన్నర్: పని డైరీ

మెట్లు ఎలా ఉన్నాయి

ఇల్లు తిరుచానూరు వైపు. కింద హాలు, పైన పడకగదులు, లోపలి నుంచే మెట్లు. స్లాబు మెట్ల మీద నల్ల గ్రానైట్ పరిచి, అంచును గుండ్రంగా మౌల్డింగ్ చేశారు. ఈ జిల్లాల్లో కొత్త ఇళ్లలో తరచుగా కనిపించే పద్ధతే ఇది. పాలిష్ చేసిన గ్రానైట్ పొడిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు. తలస్నానం చేసి తడికాళ్లతో దిగే పెద్దవాళ్లకూ, సాక్సులతో పరుగెత్తే పిల్లలకూ జారేది ఎప్పుడూ ఒకేచోట: మెట్టు అంచు మీద. రన్నర్, అంటే మెట్ల నడుమ పొడవునా పరిచే కార్పెట్ పట్టీ, పనంతా ఆ ఒక్క అంగుళం కోసమే. మెత్తదనం, అందం తర్వాత.

కింది గచ్చు నుంచి పై గచ్చు దాకా 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. 18 ఎత్తులు (ఒక మెట్టు నుంచి పై మెట్టుకు నిలువు దూరం), ఒక్కోటి 169 మి.మీ. వాస్తు లెక్కలో మెట్లు 17: కింద వరసలో 8, మధ్య ల్యాండింగ్ ఒకటి, పై వరసలో 8. మెట్టు రాయి లోతు 11 అంగుళాలు, అందులో 1 అంగుళం కింది మెట్టు మీదికి ముందుకు వచ్చి ఉంది. మెట్ల వెడల్పు 39 అంగుళాలు. ల్యాండింగ్ 39 × 84.

కొలతలు ఒక్క మెట్టుకు తీసి 16తో గుణించకూడదు. మేస్త్రి పనిలో ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ అర అంగుళం తేడా మామూలే. ప్రతి మెట్టు ఎత్తు, లోతు, రెండు పక్కల వెడల్పు విడివిడిగా రాసుకోవాలి. ఎత్తుల్లో పెద్ద తేడా ఉంటే రన్నర్ దాన్ని సరిచేయదు, కంటికి కనపడకుండా దాచేస్తుంది. అది ఇంకా ప్రమాదం.

మందం లెక్క

ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. కార్పెట్ 6 మి.మీ., దాని కింద పొరగా పరిచే అండర్‌లే 4 మి.మీ. అనుకుందాం. ప్రతి మెట్టూ 10 మి.మీ. పెరుగుతుంది. అన్నీ సమానంగా పెరిగాయి కాబట్టి నడుమ మెట్ల ఎత్తు మారదు. కానీ కింద గచ్చు పెరగలేదు, పైన ల్యాండింగూ పెరగలేదు. దాంతో ప్రతి వరసలో మొదటి ఎత్తు 169 నుంచి 179 అవుతుంది, చివరిది 159కి తగ్గుతుంది. ఒకే వరసలో 20 మి.మీ. తేడా. కాలు మెట్లెక్కేటప్పుడు రెండు మూడు మెట్లకే ఎత్తును పట్టేసుకుని, మిగతావి చూడకుండా ఎక్కేస్తుంది. చివరి మెట్టు దగ్గర ఆ ఎత్తు మారితే తూలుతుంది. ల్యాండింగ్‌ను ఖాళీగా వదిలేస్తే ఈ ప్రమాదం రెండు వరసల్లోనూ ఉంటుంది. మెత్తగా ఉండాలని 10 మి.మీ. కార్పెట్ కింద మరో 8 మి.మీ. ఫోమ్ వేస్తే తేడా 36 మి.మీ. దాకా పోతుంది.

అందువల్ల రెండు నిర్ణయాలు. మొత్తం మందం 10 మి.మీ. దాటకూడదు. కింద గచ్చు మీద 3 అడుగులు, ల్యాండింగ్ మీద నడిచే భాగం, పైన 3 అడుగులు కూడా అదే కార్పెట్, అదే అండర్‌లే పరవాలి. అప్పుడు 18 ఎత్తులూ 169 దగ్గరే నిలుస్తాయి. కార్పెట్ ఎక్కువ కొనాల్సి వస్తుంది, నిజమే. ఇది ఖర్చు తగ్గించుకునే చోటు కాదు.

గుడ్డ ఎంపిక

పరిశీలనకు వచ్చినవి ఇవి. వరంగల్ జంపఖానా: అందంగా ఉంటుంది, ఉతుక్కోవచ్చు. కానీ నూగు (పైకి నిలబడే పొట్టి దారాలు) లేదు, వెనక పట్టు లేదు. మెట్టు అంచు మీద నూలు సాగి ముడతలు పడుతుంది. మెట్లకు వద్దు. కొబ్బరి పీచు చాప: వీధి మెట్లకు బాగుంటుంది. ఇంట్లో ఒట్టి కాళ్లకు గుచ్చుకుంటుంది, చెమ్మ పట్టి వాసన వస్తుంది, పీవీసీ వెనకభాగం ఉన్నదైతే అంచు మీద వంగదు. ఉన్ని: బాగా నిలబడుతుంది, తొక్కినా లేస్తుంది. పురుగు పట్టకుండా చూసుకోగలిగినవాళ్లకు మంచిదే. నైలాన్: నలగకుండా నిలవడంలో ఉన్నికి తీసిపోదు, పసుపు మరకకు మాత్రం లొంగిపోతుంది. పాలీప్రొపిలీన్: త్వరగా నలుగుతుంది, కానీ దారం తయారయ్యేటప్పుడే రంగు కలిసిపోతుంది కాబట్టి మరక లోపలికి దిగదు.

మన ఇళ్లలో శుక్రవారం మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెడతారు. ఈ ఒక్క కారణంతో దట్టంగా నేసిన పాలీప్రొపిలీన్‌వైపు మొగ్గాం. పసుపు పడినా సబ్బు నీళ్లకు చాలావరకు పోతుంది, మిగిలిన ఛాయ ఎండ వెలుతురుకు వెలిసిపోతుంది. పైగా రన్నర్‌కు రెండు పక్కలా 6 అంగుళాల గ్రానైట్ ఖాళీగా ఉంటుంది. బొట్టు అక్కడ పెట్టుకుంటే గుడ్డ జోలికే పోనక్కర్లేదు.

నూగు రకం విషయంలో ఒక జాగ్రత్త. లూప్, అంటే దారం ఉచ్చుల్లా నిలబడే రకం, గట్టిగా ఉంటుందని దుకాణంలో చెబుతారు. మాట నిజమే. కానీ కాలి మెట్టెలు, పట్టీల కొక్కేలు ఆ ఉచ్చుల్లో తగులుకుంటాయి. ఒక్క ఉచ్చు లాగితే ఆ వరసంతా ఊడివస్తుంది, మెట్టు మీద మనిషీ తూలుతుంది. కోసిన నూగు, పొట్టిగా, దట్టంగా ఉన్నది తీసుకోవాలి.

దుకాణంలో పరీక్ష సులువు. ముక్కను బల్ల అంచు మీద వెనక్కి వంచి చూడాలి. నూగు విడిపోయి కింది అల్లిక తెల్లగా కనిపిస్తే అది మెట్లకు పనికిరాదు. మెట్టు అంచు మీద రోజూ కనిపించేది అదే గీత. తర్వాత చేతితో నిమిరి నూగు వాలు ఏవైపో చూసుకుని, వెనక సుద్దతో బాణం గుర్తు పెట్టించుకోవాలి. వెనకభాగం జనపనార అయితే వదిలేయడం మేలు. చెదలకూ చెమ్మకూ రెండిటికీ అదే ముందు లొంగుతుంది.

రంగు: ఇక్కడి ఎర్రమట్టి దుమ్ము లేత బూడిద రంగు మీద వారంలో కనిపిస్తుంది. ఇటుక ఎరుపు, గోధుమ కలిసిన చిన్న అల్లిక, పక్కన సన్నని అంచు గీత ఉన్నది సరిపోయింది. పెద్ద పువ్వులు, అడ్డగీతలు వద్దు. చూపు మందగించినవాళ్లకు అడ్డగీత ఏదో, మెట్టు అంచు ఏదో తెలియదు.

వెడల్పు 27 అంగుళాలు. రెండు పక్కలా అంచు నేసి వచ్చే రన్నర్ చుట్ట అయితే కుట్టు పని తప్పుతుంది. గది కార్పెట్ నుంచి కోయించుకునేవాళ్లు చుట్ట పొడవునే కోయించాలి, అడ్డంగా కోస్తే నూగు పక్కకు వాలుతుంది. కోసిన అంచుకు పట్టీ కుట్టడం ఇంటి మిషన్ వల్ల కాదు. కారు సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర బరువు మిషన్ ఉంటుంది, వాళ్లకు ఇవ్వండి.

ఎంత కొనాలి

కార్పెట్‌ను పరిచే పద్ధతులు రెండు. ఒకటి, మెట్టు అంచు కిందికి మడిచి, మెట్టు నిలువు భాగమైన రైజర్‌కు అంటిపెట్టి తీసుకురావడం. ఇంకోటి, అంచు మీద నుంచి నేరుగా కింది మెట్టు మూలకు దించడం. చెక్క మెట్లయితే మొదటిదే బాగుంటుంది, అంచు కింద స్టేపుల్ పిన్నులు కొడితే కదలదు. గ్రానైట్‌కు స్టేపుల్ దిగదు. అంచు కింద ఉన్న ఒక్క అంగుళంలో గమ్ముతో పట్టించినది నెలల్లో ఊడుతుంది. గ్రానైట్‌కు నేరుగా దించడమే సరి.

మెట్టు అంచు నుంచి కింది మూలకు ఏటవాలుగా 6.75 అంగుళాలు, మెట్టు మీద 11 అంగుళాలు. ఒక వరసకు 9 ఎత్తులు, 8 మెట్లు: 60.75 + 88, దాదాపు 149 అంగుళాలు. అండర్‌లే మీదుగా మలుపు తిరిగినందుకు ఎత్తుకు అర అంగుళం చొప్పున 4.5 కలపాలి.

కింది వరస: గచ్చు మీద 36, మెట్లు 153.5, ల్యాండింగ్ మీద 34, కోతకు 6. మొత్తం 229.5 అంగుళాలు, అంటే 19 అడుగుల 2 అంగుళాలు. పై వరస: ల్యాండింగ్ మీద 33, మెట్లు 153.5, పై గచ్చు మీద 36, కోతకు 6. మొత్తం 228.5, అంటే 19 అడుగుల 1 అంగుళం. ల్యాండింగ్ మీద ఈ రెండు రన్నర్ల మధ్య 18 అంగుళాల ఖాళీ మిగులుతుంది. దానికి అదే చుట్ట నుంచి 3 అడుగుల ముక్క. అన్నీ కలిపి 41 అడుగుల 3 అంగుళాలు. 43 అడుగులు తీసుకున్నాం. తర్వాత అతుకు వేయాల్సి వస్తే అదే రంగు మళ్లీ దొరకదు.

అండర్‌లే: 4 మి.మీ. గట్టి రబ్బరు షీటు. వేలితో నొక్కితే లోపలికి పూర్తిగా దిగిపోయే ఫోమ్ వద్దు. మెట్టుకు 25 × 12 అంగుళాల ముక్క, 16 ముక్కలు. ల్యాండింగ్, కింద పైన గచ్చు భాగాలతో కలిపి 61 చదరపు అడుగులు వస్తుంది, 70 తెచ్చుకోవాలి.

గ్రిప్పర్ పట్టీ: సన్నని ప్లైవుడ్ పట్టీకి ఏటవాలుగా చిన్న మేకులు ఉండేది. 18 మూలలు, మూలకు రెండు, ఒక్కోటి 25.5 అంగుళాలు. 5 అడుగుల పట్టీకి రెండు వస్తాయి కాబట్టి 18 పట్టీలు. తిరుపతి ఫర్నిషింగ్ దుకాణాల్లో లేకపోతే చెన్నై నుంచి తెప్పిస్తారు. చెదల భయం ఉన్న ఇంట్లో అల్యూమినియం పట్టీ అడగండి.

గ్రానైట్‌కు పట్టించడం

డబుల్ సైడ్ టేపుతో సరిపెడదామని చాలామంది అంటారు. మెట్ల గది పైకప్పు ఎండకు కాగే ఇల్లయితే మొదటి వేసవిలోనే ఆ జిగురు కరిగి పక్కలకు కారుతుంది, కార్పెట్ జారుతుంది. గ్రానైట్ జారితే జాగ్రత్తపడతాం. కార్పెట్ జారుతుందని ఎవరూ అనుకోరు, అందుకే మెట్ల మీద టేపు అసలు వద్దు.

గ్రిప్పర్ పట్టీకి ముందే బిగించి వచ్చే కాంక్రీటు మేకులు గ్రానైట్‌లోకి కొట్టకూడదు. రాయి పగులుతుంది, లేదా మేకు వంగుతుంది. ఆ మేకులు కటింగ్ ప్లయర్‌తో తీసేసి, పట్టీలను పాలీయురేథేన్ నిర్మాణ గమ్ముతో అంటించాలి. పాలిష్ రాయికి ఏ గమ్మూ నేరుగా పట్టదు. పట్టీ కూర్చునే చోట మాత్రమే 80 నంబరు ఎమెరీతో గీరాలి. గ్రానైట్‌కు సాదా ఎమెరీ త్వరగా అరిగిపోతే డైమండ్ ప్యాడ్ వాడాలి. తర్వాత దుమ్ము తుడిచి, అసిటోన్‌తో శుభ్రం చేయాలి. గీరిన చోటు కార్పెట్ కిందకు పోతుందో లేదో ముందే సుద్ద గీత పెట్టి చూసుకోవాలి. గీరిన గ్రానైట్‌కు మళ్లీ పాలిష్ తేవడం ఇంట్లో అయ్యే పని కాదు.

పట్టీ స్థానం: మూల నుంచి కార్పెట్ మందానికి రెండింతలు, అంటే 12 మి.మీ. వదలాలి. మెట్టు మీది పట్టీ మేకులు రైజర్ వైపు, రైజర్ మీది పట్టీ మేకులు కిందికి. రెండూ మూల వైపే చూడాలి. ఒక్క పట్టీ తిరగబడినా కార్పెట్ అక్కడ నిలవదు. పట్టీ రన్నర్ కంటే రెండు పక్కలా ముప్పావు అంగుళం లోపలికి ఉండాలి.

ఒట్టి కాళ్లతో తిరిగే ఇళ్లకు ఇంకో మాట. మామూలు గ్రిప్పర్ మేకులు 6 మి.మీ. కార్పెట్ గుండా పైకి పొడుచుకు రాగలవు. పట్టీ అంటించాక కార్పెట్ ముక్క వేసి అరచేతితో నొక్కి చూడాలి. గుచ్చుకుంటే మేకులను సుత్తితో మెల్లగా తట్టి తగ్గించాలి. రైజర్ పట్టీకి ఇది తప్పనిసరి, ఎక్కేటప్పుడు బొటనవేలు తగిలేది అక్కడే.

గమ్ముకు 24 గంటలు. ఆ లోపు లాగితే పట్టీ ఊడి మళ్లీ మొదటికి వస్తుంది. ఆ సమయంలో ఇంట్లోవాళ్లు మెట్లు వాడకుండా ఉండలేరు కాబట్టి, పై వరస ఒకసారి, కింది వరస ఒకసారి కాకుండా, పగలు రెండూ అంటించి రాత్రి పట్టీల మీద అట్టపెట్టెల ముక్కలు టేపుతో కప్పాం. మేకులు చీకట్లో కనిపించవు.

మూలల్లో ఇత్తడి రాడ్లు కూడా పెట్టాలనుకునేవాళ్లు రైజర్ రాయిని ముందు నాణెంతో తట్టి చూడండి. డొల్లగా మోగితే వెనక సిమెంటు నిండలేదని అర్థం, అక్కడ రంధ్రం పెడితే రాయి చీలుతుంది. గట్టిగా మోగిన చోట 6 మి.మీ. డైమండ్ బిట్, డ్రిల్ మిషన్‌లో హ్యామర్ ఆపేసి, నీళ్లు చుక్కలుగా పోస్తూ. రాడ్లు అందానికి, అదనపు పట్టుకు. పట్టీలకు బదులు కాదు.

పరవడం

అండర్‌లే ముక్కలు గ్రిప్పర్ పట్టీ ముందు అంచు నుంచి మొదలై, మెట్టు అంచు మీదుగా రెండు అంగుళాలు కిందికి వాలాలి. అంచు మీద అండర్‌లే లేకపోతే రాయికీ పాదానికీ మధ్య కార్పెట్ ఒక్కటే నలిగి, ముందు అక్కడే అరుగుతుంది. వీటిని ఫర్నిచర్ పనివాళ్లు వాడే పసుపు రబ్బరు గమ్ముతో అంటించాలి. రెండు వైపులా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరాక నొక్కాలి. తడిగా ఉండగా నొక్కితే పట్టదు. వేసవిలో ఇది మరీ త్వరగా ఆరుతుంది, ఒక్కో మెట్టుకే పూయండి. ఈ గమ్ము ఆవిరి అంటుకుంటుంది. పూజగదిలో దీపం, వంటింట్లో స్టవ్ ఆర్పి, కిటికీలన్నీ తీసి పని చేయాలి.

ప్రతి మెట్టుకూ, ప్రతి రైజర్‌కూ మధ్య గీత సుద్దతో గీయాలి. గోడ పక్క నుంచి ఒక్కవైపే కొలుచుకుంటూ పోతే గోడ వంకర రన్నర్‌కు వస్తుంది.

నూగు వాలు కిందికే ఉండాలి. దిగేటప్పుడు చేయి నిమిరితే నునుపుగా, ఎక్కేవైపు నిమిరితే గరుకుగా. పైకి వాలితే అంచు మీద నూగు విచ్చుకుని అల్లిక బయటపడుతుంది.

కింది నుంచి మొదలు. గచ్చు మీద 36 అంగుళాలు వదిలి, మొదటి మూలలో వెడల్పు ఉలితో కార్పెట్‌ను రెండు పట్టీల మధ్యకు దించి, రబ్బరు సుత్తితో తట్టాలి. ఉలి అంచు మొద్దుగా ఉండాలి, పదునుగా ఉంటే అల్లిక తెగుతుంది. తర్వాత అంచు మీదుగా పైకి తెచ్చి, మోకాలితో తన్ని కార్పెట్‌ను సాగదీసే పనిముట్టు, అంటే మోకాలి కిక్కర్‌ను మెట్టు మధ్యలో పెట్టి రైజర్ వైపు తన్నాలి. ముందు మధ్య, తర్వాత ఎడమ, కుడి. పట్టీ మేకులు పట్టిన వెంటనే ఉలితో మూలకు దించాలి. ఆగితే కార్పెట్ వెనక్కి వచ్చేస్తుంది.

మెట్టు అయ్యాక పరీక్ష ఒకటే: అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టి పైకి లాగాలి. గుడ్డ రాయి నుంచి లేస్తే వదులు ఉన్నట్టే, ఆ మెట్టు విప్పి మళ్లీ చేయాలి. ముందుకు పోయి తర్వాత చూద్దామంటే కుదరదు, పై మెట్లన్నీ విప్పాలి. మూడో మెట్టు దగ్గర చేయి అలవాటు పడి కాస్త వదిలేయడం అందరూ చేసేదే, అక్కడ ఇంకోసారి చూసుకోండి.

ల్యాండింగ్ మీద 18 అంగుళాల ముక్క రెండు రన్నర్ల నేసిన అంచులకు ఆనుకుని కూర్చోవాలి, ఎక్కకూడదు. నూగు వాలు పక్క రన్నర్లలో ఏదో ఒకదాని దిశలో, ఆ రెండిటి వాలూ ల్యాండింగ్ మీద ఎదురెదురుగా ఉంటుంది. కోసిన అంచుకు లేటెక్స్ (రబ్బరు పాల గమ్ము) పూసి ఆరనిచ్చాక అతుకు వేయాలి, కింద గమ్ము టేపు. ఇస్త్రీపెట్టెతో కరిగించే అతుకు టేపు పాలీప్రొపిలీన్‌కు వాడకూడదు, ఆ వేడికి నూగే కరుగుతుంది.

కింద, పైన గచ్చు మీద ముగిసే చోట చివరి 3 అంగుళాల్లో అండర్‌లే ఆపేసి, వాలుగా ఉండే అల్యూమినియం పట్టీ కింద అంచు దూర్చాలి. లేకపోతే ఆ 10 మి.మీ. అంచే కాలికి తగులుతుంది.

వాడకం

ఈ ఇళ్లలో మెట్లు బకెట్ నీళ్లతో కడిగే అలవాటు ఉంది. అది ఆపాలి. పక్క గ్రానైట్‌ను పిండిన గుడ్డతో తుడవచ్చు, రన్నర్ కిందికి నీళ్లు పోతే ప్లైవుడ్ పట్టీ ఉబ్బి గమ్ము వదులుతుంది. దుమ్ము వాక్యూమ్‌తో, మెట్టు అంచు మీద రెండుసార్లు. ఎర్రమట్టి రేణువులు నూగు మొదట్లో చేరి దారాన్ని కోస్తాయి, నల్లబడటం కన్నా ముందు అరిగేది అందుకే.

నెల తర్వాత ప్రతి మెట్టు అంచు దగ్గర రెండు వేళ్ల పరీక్ష మళ్లీ చేయాలి. కొత్త గుడ్డ తొక్కుడుకు కొద్దిగా సాగుతుంది, ఆ వదులు కిక్కర్‌తో ఒక్కసారి బిగిస్తే తర్వాత పెద్దగా సాగదు.

మిగిలిన పని: పై మెట్ల గది తలుపు కింద నుంచి వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గాలితో కొడతాయి కాబట్టి ఆలోపు ఆ గడపకు రాతి కట్ట కట్టి, తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగించాలి. మిగిలిన అడుగు ముప్పావు కార్పెట్ ముక్కను చుట్టి, వెనక బాణం గుర్తు చెరిగిపోకుండా అటక మీద పెట్టాం.